ఎర్తు తీసిన చెయ్యి

వచ్చినావిడ తలుపు తట్టలేదు. తట్టుకోలేక తలుపుకే ఆనుకుని నిలబడింది. లోపల ఫైళ్ళు సర్దుతున్న నీడ చప్పున వెళ్ళి కుర్చీ వేశాడు. నీడ డిటెక్టివుగారి సహాయకుడు. డిటెక్టివుగారిని జనం భూతద్దం అంటారు. ఆయన్ని వదలకుండా తిరుగుతాడు గనక ఇతనికి ఈ పేరు అంటుకుంది.

"పాత రేడియోలూ ఆంప్లిఫయర్లూ బాగుచేస్తాను సార్. టంకం అక్క అంటారు," అందామె. "నా చేత్తో ఒకణ్ణి చంపానో లేదో మీరే చెప్పాలి."

"చంపితే మీకే తెలియాలిగా," అన్నాడు భూతద్దం.

"తెలియకే వచ్చాను."

ఆమె తమ్ముడిలా చూసుకునే గిటారిస్టు ఒకడు తన చిన్న వాల్వు ఆంప్లిఫయరు తెచ్చి, "అక్కా, దీని గొంతు కీచుగా ఉంది, కాస్త నిండుగా పలికించు" అన్నాడు. అందులో శబ్దం పెంచే గాజు గొట్టం, పవర్ ట్యూబు, సన్నది, తొమ్మిది కాళ్ళది. ఆమె సాకెట్టు మార్చి, లావుపాటి ఎనిమిది కాళ్ళ ట్యూబు కూర్చోబెట్టి, దానికి సరిపడే రెసిస్టర్లు వేసింది. నిన్న పొద్దున ఇచ్చింది. మధ్యాహ్నం రిహార్సల్లో అతను గిటారు మీటుతూ మైకుకి పెదవి ఆనించాడు. పాట సగంలో ఉండగానే ప్రాణం పూర్తిగా పోయింది. పెట్టెలో ఎర్తు తీగ వేలాడుతోంది, కరెంటు తీగ రేకుకి తగులుతోంది. టంకం సరిగా పట్టలేదని పోలీసులు రాసుకున్నారు.

"సాయంత్రం నన్ను తీసుకెళ్తామన్నారు. నా భయం అది కాదు సార్. వాళ్ళమ్మకి ఏ మొహం పెట్టుకుని కనపడను?"

రిహార్సల్ గది నేల కింద ఉంది. కిటికీల్లేవు. గోడలకి పాత పరుపులు కొట్టారు. మాట గోడదాకా వెళ్ళి అక్కడే చచ్చిపోతోంది. మైకు ఇంకా నిలబడే ఉంది, ఎవరో పాడాల్సి ఉన్నట్టు.

భూతద్దం పెట్టె వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "తీగ ఎలా అతుకుతారు అక్కా?"

"బోల్టు ట్యాగు కన్నంలోంచి దూర్చి మూడు చుట్లు తిప్పుతాను. టంకం ఆ తర్వాతే. రేపు టంకం కరిగినా తీగ కదలకూడదు."

"మూడు చుట్లూ బోల్టుకే ఉన్నాయి, టంకంతో సహా. తీగ ఊడలేదు. తెగింది. తెగిందని కూడా అనకూడదు, ఎవరో తెగించి కోశారు."

బ్యాండులో మిగిలింది ఇద్దరు. డ్రమ్ములు వాయించే దరువు వేళ్ళకి ప్లాస్టర్లున్నాయి. "కర్రలు పట్టి పట్టి బొబ్బలు సార్," అని అరచేతులు చూపించాడు. గాయకుడు మణికట్టుకి జేబురుమాలు చుట్టుకున్నాడు.

"దెబ్బా?"

"నిన్న పొద్దున టీ ఒలికింది."

"పెట్టె మీదేనటగా?"

"ఒకప్పుడు. ఆరేళ్ళు వాడుకుని వాడికిచ్చేశాను. కళ్ళు మూసుకుని విప్పి బిగించగలను. నిన్న మాత్రం ముట్టుకోలేదు. ట్యూబు మార్పించాడని వాడు పోయాకే తెలిసింది."

"మైకు మీది కదా, ఆయన పాడారేం?"

"జలుబు చేసి గొంతు పట్టేసింది."

దరువు తలవంచుకున్నాడు. "రిహార్సల్ మొదటి సగం వాడే పాడాడు సార్. ఎంత బాగా పాడాడో. 'అన్నా, నువ్వు రోజూ జలుబు చేసుకో' అని ఈయనతో నేనే అన్నాను. తర్వాత పావుగంట టీకని తలోవైపు పోయాం. తిరిగొచ్చి ఎత్తుకున్న పాటలోనే వాడు పోయాడు."

ఆ మధ్యాహ్నమే ఇన్‌స్పెక్టరుతో సహా అందర్నీ ఆ గదిలోనే కూర్చోబెట్టాడు భూతద్దం. ఎర్తు మళ్ళీ కలిపించి, అక్క చేత పెట్టె వెనక రేకు తీయించాడు.

"ఒకడికి ఎర్తు పెట్టడం అంటే వాణ్ణి కిందికి లాగడమని అందరికీ తెలుసు. ఎర్తు తీసి చంపడం ఇప్పుడే చూస్తున్నాను. తంత్రుల్లో ఇంత కుతంత్రం ఉంటుందనుకోలేదు. మొదటి సగంలో ఏమీ కాలేదంటే, కోత టీ విరామంలోనే పడింది, కరెంటు తీగని రేకుకి వంచిందీ అప్పుడే. ఎర్తు లేకపోతే ఆ కరెంటు గిటారు తీగల్లోకి పాకి, పెదవి మైకుకి తగలగానే మనిషిలోంచి పోతుంది. బోల్టు ఇదిగో, ట్యూబు వెనక. పాత ట్యూబు సన్నది, పక్కనుంచి చెయ్యి సులువుగా దూరేది. కొత్తది లావు, పొడుగు, దారికి అడ్డం. అప్పటిదాకా వాయించిన పెట్టె, ట్యూబు కాలిపోతూ ఉంటుంది. కొత్తవాడైతే చూసి చెయ్యి పెడతాడు. అలవాటైన చెయ్యి చూసుకోదు. దరువుగారి బొబ్బలు వేళ్ళకీ అరచేతికీ ఉన్నాయి. ఇక్కడ కాలాల్సింది మణికట్టు. రుమాలు విప్పండి."

గాయకుడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఇన్‌స్పెక్టరు విప్పాడు. మణికట్టు మీద వేలెడు వెడల్పున ఎర్రటి నిలువు చార.

"టీ ఒలికితే మచ్చ పాకుతుంది. ఇది గాజుకి ఆనిన గీత," అన్నాడు భూతద్దం. "ఆ ట్యూబు ఈ పెట్టెలోకి వచ్చిందే నిన్న. ముట్టుకోలేదన్నారు మీరు."

గాయకుడు మైకుకేసి తిరిగాడు.

"బాగా పాడాడు," అన్నాడు. "ఆరేళ్ళలో నన్నెవరూ అలా వినలేదు."

అతన్ని మెట్లెక్కించి తీసుకెళ్ళారు. దరువు వాళ్ళ వెనకే పోయాడు. టంకం అక్క ఒక్కతే పెట్టె పక్కన నేల మీద కూర్చుండిపోయింది.

"అయితే సార్," అంది, "ఇంక వాడి కోసం ఏడవొచ్చా?"

భూతద్దం తల ఊపాడు. నీడ తలుపు దగ్గరగా వేసి బయట నిలబడ్డాడు.