బోర్లించిన పేరు

ధబ్. ధబ్. ధబ్.

గోడకు అవతల ఏదో పడుతోంది, లేస్తోంది, మళ్ళీ పడుతోంది. నా చెవికి ఆనిన ఫోన్‌లో, ఎక్కడో సముద్రాల అవతల నుంచి క్లయింటు ఏదో అంటున్నాడు. "పార్డన్?" అన్నాను. ధబ్. "సారీ, పార్డన్?" ధబ్. మూడోసారి అడిగేసరికి అతను విసుగ్గా ఫోన్ పెట్టేశాడు.

అది 1999, జూలై. మాదాపూర్ బండరాళ్ళ నడుమ కొత్తగా లేచిన అద్దాల మేడలో, మూడో అంతస్తులో నా కొలువు. రెండువేల సంవత్సరం అడుగుపెట్టే వేళ కంప్యూటర్లు తారీఖు తప్పకుండా చూడటం నా పని. అందుకోసం ఆరు నెలలు కూర్చుని నేను రాసిన ప్రోగ్రామును, ముందురోజే మా మేనేజరు తన పేరుతో పంపుకున్నాడు. అతణ్ణి అడగడానికి నోరు పెగల్లేదు. పెగలని కోపమంతా ఆ చప్పుడు మీద పడింది.

"ఇది ఆఫీసా, వంటిల్లా? ఆ గది వెంటనే మూయించండి" అని ఇంగ్లీషులో నిప్పులు కక్కుతూ యాజమాన్యానికి ఫిర్యాదు రాశాను. కింద పూర్తి పేరుతో సంతకం చేశాను. ఆ ఏడాది నా పేరుతో బయటికి వెళ్ళిన కాగితం అదొక్కటే.

వారం తిరక్కుండా నా కోపం కీబోర్డు మీదికి దిగింది. మూడు మీటలు ఊడిపడ్డాయి.

"కౌన్సెలింగుకైనా వెళ్ళు, ఇంటికైనా వెళ్ళు" అన్నాడు మేనేజరు.

వెళ్ళాను. చూస్తే, ఆ చప్పుడు వచ్చే గదే అది. తలుపు మీద 'లీదియా, కౌన్సెలర్' అని ఉంది. గుమ్మం దగ్గర ఒక వెదురుబుట్ట, దాని పక్కన క్యాంటీన్ కనకమ్మ.

"మెడల పేరు బిళ్ళ తీసి బుట్టల బోర్లియ్యి సారూ. లోపల పేర్లు నడువయి."

"మరి నన్ను ఏమని పిలుస్తారండీ?"

"ఏం తినాలని నీ పాణం కొట్టుకుంటదో, గదే నీ పేరు."

లోపల నేల మీద నల్లరాతి రోలు. దాని ముందు, చున్నీ నడుముకు బిగించి, మిరపఘాటుకు కళ్ళు చెమర్చి, రోకలి పట్టుకున్న ఒక అమ్మాయి. తలెత్తి చూసింది. తడిసిన కళ్ళు అంత ధీమాగా చూడగలవని అప్పటిదాకా నాకు తెలియదు.

"ఏందండీ, గుమ్మంలనే నిలవడ్డరు? భయమైతుందా?"

"భయం కాదండి. కోపం."

"మంచిదే. ఇక్కడ దానికే గిరాకీ. పేరు?"

"ఉలవచారు."

"చారేమో చిక్కన, మనిషేమో పల్చన. పట్టండి!" అని రోకలి నా చేతికిచ్చింది.

దంచాను. ఎండుమిరపకాయల్లో మేనేజరు ముఖం కనిపించింది. మరీ దంచాను.

"జర ఆగండి! పచ్చడి చేయమన్న, రోలు పగలగొట్టమనలే. ఈ మేడ పునాదిలకెళ్ళి తీసిన రాయితోని చెక్కించిన. మీకన్న మొండిది."

మంగళవారం, గురువారం. మళ్ళీ మంగళవారం, గురువారం. నా ఫిర్యాదు ఏ సొరుగులోనో సమాధి అయిందనుకున్నాను. అనుకోవడం హాయిగా ఉండింది.

ఒకనాడు అద్దాల మీద వాన జారుతుంటే, చింతపండు గింజలు ఏరుతూ ఆమె తన కథ చెప్పింది.

"ఇంగ్లండుల, లీడ్స్‌ల నాలుగేండ్లు ఉన్న. దవాఖానల కొలువు. బొమ్మలు గీయించి మనుషుల బాధ బయటికి తెచ్చేదాన్ని. ఒక పెద్దావిడ రోజూ ఖాళీ పళ్ళెమే గీసేది. ఆకలా అని అడిగిన. కాదమ్మా, ఎదురుగ కూసోని తినేటోళ్ళు లేరు అన్నది. నాకూ లేరని ఆ రోజు యాదికొచ్చింది. రూముకు పోయిన. ఏడుద్దామంటే ఏడుపు రాలే. ఎండుమిర్చి ముందరేసుకోని దంచిన."

"అక్కడ కూడానా?"

"కింది అంతస్తుల ఉన్నాయన చీపురుకట్టతోని తన ఇంటికప్పు కొట్టిండు. నేను ఇంక గట్టిగ దంచిన. పైకొచ్చి తలుపు బాదిండు. తీసిన. ఇద్దరం అరుచుకున్నం. అరిచి అరిచి అలిసిపోయినంక, రొట్టె మీద పచ్చడి రాసిచ్చిన. తిన్నడు. ఆయన కండ్లల్ల నీళ్ళు. కారానికో, దేనికో ఆయన చెప్పలే, నేను అడగలే." ఆమె చేతులు దులుపుకుంది. "ఒకటి తెలిసింది. కోపమొచ్చినోడు తలుపుదాక వచ్చిండంటే సగం దోస్తే. రానోడితోనే పరేషాన్."

గోడ వైపు చూశాను. అవతల నా కుర్చీ ఉంది.

ఆమె ఒక తెల్లకాగితం పరిచి, తడి కారం, పసుపు నా ముందుకు జరిపింది. "గీయండి."

వేలితో ఒక పళ్ళెం గీశాను. వేలు ఆగలేదు. ఎదురుగా మరొకటి గీసింది.

"ఈ రెండో పళ్ళెం ఎవరిదో?"

"ఇంకా పేరు పెట్టలేదండి."

ఆమె చూపు కాగితం మీద వాలింది, నా మీదికి లేచింది, వానలోకి పారిపోయింది.

ఆపై గురువారం వెళ్ళేసరికి రోలు కంపిస్తోంది. ఆమె పక్కన యాజమాన్యం పంపిన కాగితం, దానికి గుచ్చి నా ఫిర్యాదు.

"మంగళవారం నుంచి గది బందట! ఎవడో గోడకు అవతలనే కూసుంటడట. పది అడుగులు! పది అడుగులు నడిచి తలుపు కొట్టనీకి చేతకాక, దొంగచాటుగ కాగితం రాసిండు. కింద ఎంత పెద్ద పేరు! ఆ పేరు నా నోట పలుకను. పలికితే నోరు చేదైతది."

"కనవడితే జెప్పు మేడమ్," అంది కనకమ్మ. "గాయన బిళ్ళ ఈ రోట్లేసి దంచుత."

రోకలి అందుకోబోయిన నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏమైంది ఉలవచారు గారూ?"

"కారం... కంట్లో పడిందండి."

తిన్నగా మేనేజరు గదికి వెళ్ళాను. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు రాసి బల్ల మీద పెట్టాను. "నా కోపం ఆ చప్పుడు మీద కాదు, మీ మీద. ఆ ప్రోగ్రాము నాది" అన్నాను. నోరు పెగిలింది. అతను నా కళ్ళలోకి చూడకుండా కాగితం యాజమాన్యానికి పంపాడు.

గది నిలిచింది. ఇక నేను మౌనంగా ఉంటే చాలు, ఎప్పటికీ ఉలవచారుగా ఉండిపోవచ్చు. నాలుగు రోజులు ఆ ఆశ నన్ను తిననివ్వలేదు.

మంగళవారం, జోరువాన. లోపలి నుంచి ఆమె గొంతు వినిపించింది.

"రాసిందీ ఆయనే, వాపసు తీసుకున్నదీ ఆయనే! ముఖం చూపనోని మెహర్బానీ నాకొద్దు."

బుట్ట ముందు నిలబడ్డాను. మెడలో బిళ్ళ మీదికి చెయ్యి వెళ్ళింది. తీయలేదు. తెరిచి ఉన్న తలుపును వేళ్ళతో కొట్టాను.

"తీసే ఉన్నది కద, కొడుతున్నరెందుకు?"

"మొదటిరోజే కొట్టవలసిందండి."

ఆమె నా ముఖం చూసింది. బిళ్ళ చూసింది. మళ్ళీ చదివింది.

"అయ్యో, గీయననా!" అని కనకమ్మ నోరు మూసుకుంది.

"మూడు వారాలు," అంది లీదియా. "మూడు వారాలు నా రోట్ల నా మిరపకాయలు దంచుకుంట... లోపల నవ్వుకున్నరా?"

"భయపడ్డానండి. మొదటిరోజు భయం కాదన్నాను. అది అబద్ధం."

"ఇప్పుడెందుకు చెప్తున్నరు? గది మిగిలె. ఊకుంటే అయిపోవు కద!"

"ఆ రెండో పళ్ళెం మీకోసం గీశానండి. దాని ఎదురుగా దొంగపేరుతో కూర్చోలేను."

ఆమె రోకలి అందుకుంది. ధబ్. ధబ్. ధబ్. వాన అద్దాలను కొట్టింది, ఆమె రోటిని కొట్టింది, నా గుండె నన్ను కొట్టింది. చివరికి చప్పుడు ఆగింది. పచ్చడి ముద్ద వేలితో తీసి నా అరచేతిలో పెట్టింది.

"తినండి."

తిన్నాను. నాలుక భగ్గుమంది. కళ్ళు నిండాయి.

"కారానికేనా?"

"చెప్పనండి."

పెదవి చివర నవ్వు తొంగిచూసింది. దాన్ని పళ్ళతో అదిమేసింది. "నా కోపం పోలే."

"పోనక్కర్లేదండి. తలుపు మాత్రం మూయకండి."

కారం అంటిన వేళ్ళతో నా బిళ్ళ అందుకుంది. నా పేరు మీద ఎర్రని వేలిముద్ర పడింది. చేదుందో లేదో రుచి చూస్తున్నట్టు, ఒక్కొక్క అక్షరమే నాలుక మీదికి తెచ్చుకుని, మెల్లగా పలికింది.

"పార్థసారథి."