ఆఖరి యాంటీబాడీ

వంతెన మీద మంచు. కాలు జారుతోంది.

జుల్మీరా పరిగెడుతోంది.

వెనక బూట్ల చప్పుడు... దగ్గరవుతోంది!

తిరిగి చూడదు. చూస్తే పడుతుంది. పడితే ట్యూబ్ పగులుతుంది.

ట్యూబ్ ఆమె స్వెటర్ లోపల ఒంటికి ఆని ఉంది. చిటికెన వేలంత. వెలుతురు తగలకుండా పైన రేకు చుట్టి ఉంది. కింద చార్లెస్ నది గడ్డకట్టి బిగుసుకుపోయింది. చీకటి పడ్డాక ఈ చలికి లోపలున్న ఆ రెండు చుక్కలు కూడా గడ్డకట్టాయంటే ఇక పారబోసుకోవడమే.

ఆ రెండు చుక్కలే యాంటీబాడీ. రక్తంలో జబ్బు కణాల మీద ఒక ప్రోటీన్ ఉంటుంది. యాంటీబాడీ దాన్ని వెతికి అతుక్కుంటుంది. అతుక్కున్న కణం మెషీన్‌లో నారింజ రంగులో వెలుగుతుంది. అంతే దాని పని.

ఆ ప్రోటీన్ ఉన్న కణాలను చంపే మందు కంపెనీ తయారు చేసింది. జబ్బు కణాలనే చంపుతుంది, మంచి కణాల జోలికి పోదు అన్నారు. ఆ కంపెనీ ల్యాబ్‌లోనే పనిచేసే జుల్మీరా ఈ యాంటీబాడీతో చూసింది. మంచి కణాలూ వెలిగాయి! వారం తిరక్కుండా కంపెనీ ఆ యాంటీబాడీ ట్యూబులన్నీ చెత్తలో పోయించింది. ఈ ఒక్కటే మిగిలింది. భోజనాల ఫ్రిజ్‌లో, ఎవరిదో బూజుపట్టిన పెరుగు డబ్బా వెనక దాచింది. ల్యాబ్ సరుకు తిండి పక్కన పెడితే ఉద్యోగం ఊడుతుంది. అంత తప్పు ఎవరూ చెయ్యరు కాబట్టి అక్కడెవరూ వెతకలేదు.

ఈ సాయంత్రం ఆసుపత్రిలో ఆ మందు ట్రయల్ మొదలు. మొదటగా ఎక్కించుకునేది ఆమె తమ్ముడు అడిల్సన్.

"రుజువు చూపించమ్మా, ఆపేస్తాను," అన్నాడు ఆసుపత్రి డాక్టర్. "భోజనాల ట్రాలీ వచ్చేలోపు. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు."

అడిల్సన్ మాత్రం నవ్వాడు. "నీకన్నీ అనుమానాలే అక్కా. చిన్నప్పుడు చేపలో ముల్లుందని నా కంచం లాక్కునేదానివి."

ఎదురుగా కారు లైట్లు.

కారు ఆగుతుంది. అద్దం దిగుతుంది... డెస్ ఫాలన్!

ఆసుపత్రి బేస్‌మెంట్‌లో ఆ మెషీన్ నడిపేది అతనే. ఆమెకు పని నేర్పిందీ అతనే.

"ఎక్కు పిల్లా."

"నేనెక్కితే వాడు మన వెంటే వస్తాడు. ఇది తీసుకుని నువ్వు పో. అడీ రక్తం నర్సు నీ బల్ల మీదే పెట్టింది. వీణ్ణి నేను తిప్పుతాను."

"జాగ్రత్త."

"లోపలి జేబులో పెట్టుకో డెస్. ఒంటికి తగిలేలా."

"నాకు చెబుతున్నావా?"

కారు వెళ్ళిపోతుంది. జుల్మీరా మెట్లు దిగి నది ఒడ్డు పట్టుకుంటుంది. మలుపు. ఇనుప గేటు.

తాళం!

మెడ మీద చెయ్యి. చెవి పక్కన పిస్తోలు. రస్క్, కంపెనీ సెక్యూరిటీ మనిషి.

"తియ్యి."

"నా దగ్గర లేదు."

జేబులు వెతుకుతాడు. బూట్లు విప్పిస్తాడు.

"ఇందాక ఆగిన కారు... ఆ ముసలి ఫాలన్‌దేనా?"

ఆమె మొహం చెప్పేస్తుంది.

రస్క్ నవ్వుతాడు. పిస్తోలు లోపల పెట్టుకుంటాడు.

"ముందే చెబితే నాకీ పరుగు తప్పేది కదమ్మా. బూట్లు తొడుక్కో. ఇంటికి పో."

వెళ్ళిపోతాడు. ఎందుకు వదిలాడో ఆమెకు అర్థం కాదు. ఆలోచించే తీరిక లేదు. మళ్ళీ పరుగు, ఆసుపత్రి దాకా.

బేస్‌మెంట్. తలుపు తోస్తుంది. మెషీన్ ముందు డెస్.

"వెలిగిందా?"

"లేదు పిల్లా. ఒక్క కణం కూడా."

"అది జరగదు..."

"డాక్టర్‌కి చెప్పేశాను. డ్రిప్ పెట్టేశారు."

జుల్మీరా మెషీన్ దగ్గరికి వస్తుంది. బల్ల మీద థర్మాకోల్ పెట్టె. మూత సందులోంచి తెల్లటి పొగ.

డ్రై ఐస్. ఏదైనా క్షణాల్లో గడ్డకట్టించేస్తుంది!

"డెస్... అందులో పెట్టావా?"

డెస్ చెయ్యి చాచి పెట్టె మూత నొక్కుతాడు.

"నిన్నగాక మొన్న చేరినవాడు చేస్తే తెలియక చేశాడనుకుంటాను. ఒక్కసారి గడ్డకడితే రంగు చచ్చిపోతుందని నాకు నేర్పింది నువ్వు కాదూ?"

డెస్ కళ్ళజోడు తీసి తుడుస్తాడు. తుడుస్తూనే ఉంటాడు.

"రేపు పొద్దున ఎక్కించుకునేది నోరా. నా కూతురు. నీ దగ్గర ట్యూబ్ ఉందని కంపెనీ వాళ్ళకు చెప్పిందీ నేనే. ఈ ట్రయల్ ఆగితే దానికి ఇంకో మందు లేదు జుల్. అందరు డాక్టర్లూ చేతులెత్తేశారు."

"ఆ మందే దాన్ని చంపుతుంది."

"చంపకపోవచ్చుగా. నాకు మిగిలింది ఆ ఒక్క ఆశే."

ముసలాయన ఏడుస్తున్నాడు. ఆమెకు జాలేసింది. అంతకు పదింతలు అసహ్యమేసింది.

జుల్మీరా ఫోన్!

స్పీకర్‌లో అడిల్సన్ గొంతు హుషారుగా ఉంది.

"అక్కా, అయిపోయింది. చిన్న సంచీయే, ఇట్టే ఖాళీ అయింది. నువ్వు ఊరికే హడావుడి చేశావు."

"అడీ... ఎలా ఉందిరా?"

"బాగానే ఉంది. భోజనం కూడా వచ్చింది. ఉప్పులేని కోడి సూప్. కాకపోతే..."

"కాకపోతే?"

"చలేస్తోందక్కా. రెండు దుప్పట్లు కప్పారు. అయినా పళ్ళు టకటకలాడుతున్నాయి. ఎవరో కిటికీ తీసినట్టున్నారు."

మంచి కణాలు చావడం మొదలైతే ముందుగా వచ్చేది చలే. ఆ గదిలో ఇద్దరికీ అది తెలుసు.

జుల్మీరా మెట్లవైపు పరిగెడుతుంది. ఎక్కిన మందును వెనక్కి తీసే దారి లేదని తెలిసీ పరిగెడుతుంది.

వెనక డెస్ ఫోన్ నొక్కుతున్నాడు.

"నోరా? నాన్నని... బట్టలు సర్దుకో తల్లీ. ఇంటికి పోదాం. ఆ మందు మనకొద్దు."