రేవు ఇంటి దీపం ఆవిడ

“దెయ్యం ఎదురైతే ముందు ఎక్కడ చూడాలి? నీల్, నువ్వు చెప్పు.”

“ఫోన్‌లో, అమ్మమ్మా. పోలీస్ నంబర్.”

“మాయా?”

“కళ్ళల్లోకి?”

“తప్పు. పాదాల వైపు చూడాలి. ఎందుకో కథలో వస్తుంది. దగ్గరగా జరగండి.”

జర్మనీలో డార్మ్‌స్టాట్ ఊరినుంచి పడమరగా వెళ్తే ఒక పాత పాయ ఉంది. రైన్ నది ఒకప్పుడు అటే పారి, తర్వాత దారి మార్చుకుని దాన్ని వదిలేసింది. ఒడ్డున రెల్లుగడ్డి మధ్య ఒక పాడుపడ్డ ఇల్లు. పూర్వం జనాన్ని పడవలో దాటించేవాడి ఇల్లట. ఇప్పటికీ రేవు ఇల్లనే అంటారు. ఆ పడవవాడు ఒక రాత్రి నీళ్ళమీదికి వెళ్ళి మరి తిరిగి రాలేదు. అప్పటినుంచీ పొద్దుగుంకితే చాలు, అతని పెళ్ళాం దీపం పట్టుకుని ఒడ్డంతా వెతుకుతుందని చెప్పుకుంటారు. ఒకసారి వంగుతుందట... లేస్తుందట... మళ్ళీ వంగుతుందట.

ఈ సంగతి జగన్మోహన్‌కి తెలుసు. తెలిసే నవ్వాడు.

జగన్మోహన్ ఎవరంటే, మన ఇందుమతి మొగుడు. రాజమండ్రి మనిషి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కరోనా వచ్చిన మొదటి ఏడు, మార్చి నెలాఖరు. ఆఫీసు మూశారు, జిమ్ము మూశారు, అతని నోరు మాత్రం ఎవరూ మూయలేకపోయారు. ఆ ఏడు చలికాలం గుమ్మందాకా వచ్చి మొహం చాటేసింది. మంచు పడలేదు. పిల్లలు మంచుమీద జారే స్లెడ్జి నేలమాళిగలోంచి బయటికే రాలేదు. ఎండ అలా కాస్తుంటే ఊరుకోలేక, గాలి కొట్టి ఉబ్బించే చిన్న పడవొకటి ఆన్‌లైన్‌లో తెప్పించాడు.

“ఏవండీ, నీళ్ళు చల్లగా ఉంటాయేమో. ఆ లైఫ్ జాకెట్ వేసుకోండి,” అంది ఇందుమతి.

“గోదారి నీళ్ళు తాగి పెరిగినవాణ్ణే! ఈ పిల్లకాలవకి జాకెట్టా? చూసినవాళ్ళు నవ్వుతారు.”

“చూడ్డానికి బయటెవరున్నారండీ? అందరూ ఇళ్ళల్లోనేగా.”

“అదే చెప్తున్నా. ఈ దేశంలో చలీ ఉత్తదే, వైరసూ ఉత్తదే. దెయ్యం సంగతి సరేసరి. టీ టైముకి వచ్చేస్తా.”

నిజానికి గోదావరితో అతని పరిచయమల్లా పుష్కరాల రేవులో మూడు మునకలు. అదీ వాళ్ళ నాన్న జబ్బ గట్టిగా పట్టుకుంటే.

మొదట్లో అంతా బాగానే ఉంది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. తెడ్డు వేస్తుంటే కొంగలు లేచిపోతున్నాయి. చొక్కా చేతులు మడిచి, ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ పోయాడు. రేవు ఇంటి మలుపు తిరిగేసరికి ఎండ చెట్ల వెనక్కి జారిపోయింది. ఇల్లు నల్లగా కనబడింది.

దెయ్యం కొంపతో సెల్ఫీ! వాట్సాప్ గ్రూపులో పెడితే వారం రోజులు మాట్లాడుకుంటారు...

లేచి నిలబడ్డాడు.

పడవలో లేచి నిలబడకూడదని గోదావరి జిల్లాలో పాలుతాగే పిల్లాడికి కూడా తెలుసు. ఇతను నిలబడ్డాడు, పైగా చెయ్యి చాచి నవ్వాడు.

దబ్బున నీళ్ళల్లో పడ్డాడు.

ఇక్కడొక చిన్న పాఠం ఉంది, వినండి. ఎండ కాస్తే గాలి తొందరగా వెచ్చబడుతుంది. నీళ్ళు అలా కాదు, నిదానం మీద వేడెక్కుతాయి. గడ్డ కట్టనంత మాత్రాన చలి పోయిందని కాదు. ఒళ్ళు తడిసి, చీకటి పడి, గాలి తగిలిందంటే మనిషి ముందు వణుకుతాడు. ఆ వణుకు ఆగిపోతే బాగుపడ్డాడనుకునేరు. అప్పుడే అసలు ప్రమాదం.

ఫోను అడుగుకి పోయింది. పడవ తన దారిన తను పోయింది. జగన్మోహన్ రెల్లు పట్టుకుని పాక్కుంటూ గట్టెక్కాడు. బూట్లు బురద మింగేసింది. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. చుట్టూ చీకటి. ఎవరో ఒకరు కనబడకపోతే ఈ రాత్రి ఇక్కడే అయిపోతానని అతనికి అర్థమైంది.

అప్పుడు కనబడింది... దీపం.

ఒడ్డున చెట్ల సందున, మనిషి నుదుటి ఎత్తున కదులుతోంది. ఒకసారి వంగింది... లేచింది... మళ్ళీ వంగింది.

“హలో...” అన్నాడు.

దీపం ఇటు తిరిగింది. నుదుటిమీద మండే ఒక్క కన్ను. దానికింద తెల్లటి మొహం... ఆ మొహానికి ముక్కు లేదు, నోరు లేదు. చేతిలో బకెట్టు. బకెట్టులో ఏదో కదులుతోంది.

జగన్మోహన్ రెండడుగులు ముందుకేశాడు. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది.

ఇతను ఆగాడు. ఆవిడా ఆగింది.

మళ్ళీ అడుగు వేశాడు. ఆవిడ మళ్ళీ జరిగింది... మొహం మాత్రం ఇతని వైపే. ఇద్దరి మధ్య ఎడం కొలిచినట్టు అంతే ఉంది.

ఏదో గొణిగింది. ఏ భాషో తెలియలేదు. బీ-వన్ పరీక్ష పాసైన జర్మను బూట్లతోపాటే బురదలో దిగబడిపోయినట్టుంది.

దీపం కిందికి ఊగింది. బురదలో ఆవిడ అడుగుజాడలు తళుక్కుమన్నాయి. వేళ్ళ వైపు ఇతని దిక్కున ఉంది, మడమలు అటు ఉన్నాయి. కానీ ఆవిడ వెళ్ళింది అటువైపు కదా!

అంటే... పాదాలు... వెనక్కి తిరిగి ఉన్నాయి.

వైరస్‌ని నమ్మని పెద్దమనిషి, దెయ్యాన్ని నమ్మని పెద్దమనిషి, “అమ్మోయ్!” అని ఒక్క కేక పెట్టి రేవు ఇంటి వెనక్కి పరిగెత్తాడు. గోడకి ఆనుకుని కూలబడి మోకాళ్ళలో తలపెట్టుకున్నాడు. రామ రామ అంటూ ఉండగా పెదాలు కదలడం మానేశాయి. వణుకు నెమ్మదించింది. నిద్ర వస్తోంది... హాయిగా ఉంది...

మెత్తగా అడుగుల చప్పుడు. దీపం గోడ చుట్టూ తిరిగి వచ్చి నిలబడింది. ఈసారి ఆగలేదు. దగ్గరికి... ఇంకా దగ్గరికి... మీదికే వంగింది. రెండు చేతులూ చాచింది. ఆ చేతులు అతని రెండు చెంపలనీ పట్టుకున్నాయి.

వెచ్చగా ఉన్నాయి.

“మైన్ గాట్,” అంది దెయ్యం. “మంచుగడ్డలా ఉన్నావు కదా, బాబూ!”

పేరు గిజెలా. పెద్దావిడ. నుదుటిమీద ఉన్నది తలకి కట్టుకునే లైటు. మొహానికి ఉన్నది పాత దిండు గలీబుతో కుట్టుకున్న మాస్కు. బకెట్టులో ఉన్నవి కప్పలు. చలి లేక ఆ ఏడు కప్పలు ముందే నిద్రలేచి, గుడ్లు పెట్టడానికి నీళ్ళకి బయల్దేరాయి. మధ్యలో రోడ్డు. కార్ల కింద పడి చస్తాయని, ఆ ఊరివాళ్ళు సాయంత్రాలు వాటిని ఏరి, బకెట్టులో మోసుకొచ్చి పాయలో వదులుతారు. ఇక వెనక్కి నడవడమంటారా? మనిషికీ మనిషికీ ఒకటిన్నర మీటరు దూరమని సర్కారు చెప్పింది కదా. ఆవిడ మొహం ఇటే పెట్టుకుని, ఆ దూరం తప్పకుండా జరిగింది. అంతే.

తన కోటు విప్పి అతనికి చుట్టింది. గట్టిగా వాటేసుకుని, ఈడ్చుకుంటూ కారెక్కించి, ఇంటి దగ్గర దింపింది. బకెట్టులో ఇంకా కప్పలు మిగిలాయి. దారంతా అది జగన్మోహన్ ఒళ్ళోనే ఉంది.

మర్నాడు జగన్మోహన్ దుప్పట్లో కూర్చుని, పాత ఫోనొకటి వెతికి తీసి, గ్రూపులో టైపు చేస్తున్నాడు: దెయ్యమంటే ఎలా ఉంటుందో దగ్గరగా చూశాను మిత్రులారా, ఏమాత్రం చలించకుండా...

పక్కనే ఇందుమతి స్పీకరు పెట్టి గిజెలాకి ఫోను చేసింది, థాంక్సు చెప్పడానికి.

“ఎలా ఉన్నాడు?” అందావిడ. “నేనా? తోటలో పనిముట్ల గుడిసెలో పడుకుంటున్నాను. మా ఆయనకి కాన్సరు. కీమో నడుస్తోంది. బయటివాళ్ళని ముట్టుకున్నాను కదా, రెండు వారాలు ఆయన దగ్గరికి వెళ్ళను. కిటికీలోంచి చెయ్యి ఊపుతున్నారులే. ఫరవాలేదు.”

టైపు చేసే వేలు ఆగింది.

అదే నిమిషంలో జగన్మోహన్‌కి దగ్గు వచ్చింది. ఆపుకోబోయాడు. ఆగలేదు.

ఇందుమతి అతని వైపు చూసింది. ఆ దగ్గు ఫోనులో అవతలికీ వినబడింది...

“అయ్యో! వైరసా, అమ్మమ్మా?” అన్నాడు నీల్.

“కాదురా. పరీక్షలో ఉత్త జలుబనే తేలింది.”

“మరి అయితే భయమేముంది?”

“ఆ ఫలితం వచ్చేదాకా అతను దీపం ఆర్పి పడుకోలేదు. అది వైరసే అయితే గిజెలా ఇంటికి దెయ్యం ఎవరో అతనికి తెలుసు కనక. ఇక లేవండి, నా చీర కొంగు వదలండి. అట్ల పిండి సగం రుబ్బి వచ్చాను.”