చదవని మూడో పేజీ

ఆ ఉదయం భోజనాల బల్ల దగ్గర నలుగురున్నారు. కిటికీ పక్కన, చేతుల కుర్చీలో, పత్రికా సంపాదకుడిగా పదవీ విరమణ చేసిన మామగారు, ఆయన కుడివైపు అత్తగారు, ఎదురుగా కొడుకు, అందరికంటే చివర, వంటగది గుమ్మానికి ఆనుకుని, ముక్కాలిపీట మీద కోడలు. ఆ వరుసను నిర్ణయించినది మామగారే. ఆరేళ్ళుగా అది మారలేదు.

కోడలు కూడా విలేకరే. సముద్రశాస్త్రం ఆమె విభాగం. ఒక సముద్ర పరిశోధన సంస్థ విలేకరులకు ఆరు వారాల శిక్షణ ప్రకటించింది. ఓడలో శాస్త్రజ్ఞుల వెంట తిరిగి, నీటి నమూనాలు తీయడం, పరీక్షల ఫలితాలు చదవడం నేర్చుకోవచ్చు. సీట్లు ఎనిమిదే. దరఖాస్తుతో పాటు, పాత వార్త ఒకదానిలోని పొరపాటును వివరిస్తూ వ్యాసం రాయాలి. అనుభవజ్ఞుడైన పాత్రికేయుడి సిఫారసు లేఖ విడిగా అందాలి. వ్యాసం ఆమె పంపి, ఒక ప్రతి మామగారికిచ్చింది. లేఖ తానే రాసి పంపేశానని మామగారు పది రోజుల క్రితమే చెప్పారు.

ఫోన్ మోగింది. కోడలు విని, పెట్టేసింది.

"మామయ్యా, మీ లేఖ అందలేదట. ఇవాళ సాయంత్రం ఐదింటికి గడువు."

"పోస్టులో పోయుంటుంది," అన్నారాయన, పేపరు దించకుండా.

"పోస్టులో వేస్తేగా పోవడానికి!" అత్తగారు కాఫీ కప్పు ఠక్కున పెట్టారు. "మీ సొరుగులో, కళ్ళజోడు పెట్టె కింద ఉంది. కవరు మీద చిరునామా, లోపల అమ్మాయి వ్యాసం, ఒక తెల్లకాగితం. రేపైనా రాస్తారేమోనని నోరు మూసుకున్నాను, ఎడిటరుగారూ."

"పంపానన్నారుగా నాన్నా?"

ఆయన ముఖం కందిపోయింది.

"అవును, పంపలేదు! ఇన్ని వార్తలుండగా నీకు నాదే దొరికిందా అమ్మాయ్? నా పరువు బజారున పెట్టి నువ్వు ఓడెక్కుతావా?"

అది ఇరవై రెండేళ్ళ కిందటి వార్త. సముద్రంలో సూక్ష్మమైన నాచు విపరీతంగా పెరిగి నీరు ఎర్రబడింది. పరీక్షల ఫలితం రాకముందే, చేపల్లో విషముందని ఆయన మొదటి పేజీలో రాశారు. చేపల బజారు నెల రోజులు బోసిపోయింది. ఆ నాచు హానిలేనిదని పరీక్షల్లో తేలింది. పత్రికలో మాత్రం ఆ మాట రాలేదు.

"మీదని తెలిసే ఎంచుకున్నాను. మీ పేరు మాత్రం ఎక్కడా రాయలేదు. మొత్తం చదివారా మామయ్యా?"

"రెండు పేజీలు చదివాను. చాలు."

"ఉన్నవి మూడు," అన్నాడు కొడుకు. "చివరి వాక్యం దాకా చదవకుండా ఏ కాగితాన్నీ పక్కన పెట్టకూడదని మాకు చిన్నప్పట్నుంచీ క్లాసు పీకారు కదా!"

అత్తగారు కవరు తెచ్చి మూడో పేజీ ఆయన ముందుంచారు. అందులో ఇలా ఉంది:

"ఈ పాత్రికేయుడు నిజాయితీపరుడు. పరీక్ష ఫలితం ఆయనకు చేరలేదు. చేరివుంటే మర్నాడే సవరణ వేసేవారు. నీటిని చదవడం ఆయన తరానికి ఎవరూ నేర్పలేదు. మాకు నేర్పండి."

ఆయన దాన్ని రెండుసార్లు చదివారు. నింద ఎదురైతే జవాబు సిద్ధంగా ఉంది. కానీ ఇక్కడున్నది నింద కాదు, నమ్మకం.

"ఇది తప్పమ్మా," అన్నారు చివరికి. "ఫలితం ఐదో రోజునే వచ్చింది. సంతకం చేసి తీసుకున్నది నేనే. నా వార్తని నేనే కాదనుకోలేక సొరుగులో పడేశాను. నాకు లేనిది శిక్షణ కాదు. ఫలితం నాకు చేరలేదని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. మీరు తెలిసీ ఊరుకునే మనిషి కాదనుకున్నాను."



"ఆ నెల చేపలావిడ మన గుమ్మంలో నిలబడి ఏడ్చింది," అన్నారు అత్తగారు నెమ్మదిగా. "'నిన్న నేనూ తిన్నానమ్మా, నాకేమీ కాలేదు' అని. మీ వార్త నమ్మి, నేను దాని మొహాన తలుపేశాను."

ఆయన తల ఎత్తలేకపోయారు.

"ఫలితం చేరలేదన్న వాక్యం కొట్టేస్తాను మామయ్యా. మీరు మామూలుగా రెండు ముక్కలు రాయండి, చాలు."

"కొట్టేయకు. సరిదిద్ది మళ్ళీ పంపు." ఆయన లేచి తన కుర్చీ ఆమెవైపు జరిపారు. "ఇక్కడ వెలుతురుంది, కూర్చో. ఒరేయ్, నా లేఖ నువ్వే స్వయంగా తీసుకెళ్ళి ఇవ్వు. నాచేతికిచ్చిన కాగితాల గతి చూశావుగా."

వంటగది గుమ్మం దగ్గరి పీట మీద కూర్చుని ఆయన ఇలా రాశారు:

"వ్యాసంలో చర్చించిన వార్తను రాసినవాడిని నేను. పరీక్ష ఫలితం అందిన తరువాత కూడా సవరణ ప్రచురించలేదు. ఈ లేఖను సైతం పది రోజులు రాయకుండా ఎగవేసి, పంపితినని ఇంట్లో అసత్యమాడితిని. ఇరవై రెండేళ్ళ క్రితం నేను వేయవలసిన సవరణను, నా పేరు బయటపెట్టకుండానే, నా కోడలు రాసినది. ఆ కార్యము పూర్తిగా ఆమెదేనని ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను."