పదహారు ఇళ్ళకి రెండు వాషింగ్ మెషీన్లు

కొత్తగా అద్దెకు దిగిన సేల్స్‌మన్ అట్టపెట్టెతో మెట్లెక్కుతుంటే, పై అంతస్తు టీచర్ ఎదురొచ్చింది.

"ఏంటది?"

"డ్రిల్లింగ్ మెషీనండీ. గోడకి అద్దం తగిలించాలి."

"ఎన్ని కన్నాలు?"

"రెండు."

"రెండు కన్నాలకి మెషీన్ కొన్నారా! కింద ఉమ్మడి గదిలో ఒకటుంది. నిచ్చెన, కుట్టుమిషన్, వాషింగ్ మెషీన్లు... పదహారు ఇళ్ళవాళ్ళం అవే వాడుకుంటాం."

"అందరూ మీలాగే ఉంటే ఇవన్నీ అమ్మే మా షోరూమ్‌కి తాళం పడుతుంది," అని నవ్వాడు.

"నవ్వు కూడా అమ్ముతున్నట్టే నవ్వుతారేంటి?" అనేసి ఆమె దిగిపోయింది.

మర్నాడే అతను ఆ పెట్టె వాపసు ఇచ్చేశాడు. ఉమ్మడి గది తాళంచెవి ఉండేది ఆమె దగ్గరే. వారంలో మూడుసార్లు నిచ్చెన అడిగాడు. "రోజూ ఏం ఎక్కుతున్నారండీ?" అంటే నిచ్చెన భుజాన వేసుకుని జారుకున్నాడు.

ముసురు పట్టిన వారంలోనే వాషింగ్ మెషీన్లు రెండూ మొరాయించాయి. తడిబట్టలతో అందరికీ విసుగొచ్చింది. "ఇక ఎవరిది వాళ్ళం కొనుక్కుందాం, ఆ గది ఎత్తేద్దాం," అంటూ పదిమంది చేరి సేల్స్‌మన్‌ని చుట్టుముట్టారు. అన్ని మెషీన్లు అమ్మితే అతను ఈ నెలే మేనేజర్ అవుతాడు. ఆ సంగతి టీచర్‌కీ తెలుసు. ఆమె మొహం చిన్నబోయింది.

"ఆదివారం దాకా ఆగండి," అన్నాడతను.

అమ్మకాల్లోకి రాకముందు అతను మెకానిక్. చొక్కా చేతులు మడిచి, సాయంత్రాలన్నీ ఆ మెషీన్ల ముందే కూర్చున్నాడు. టార్చి పట్టుకునే పని ఆమెది.

"వెలుగు ఇటండీ. నా మొహం మీదకి కాదు."

"సారీ," అంది. టార్చి మాత్రం వెంటనే తిప్పలేదు.

ఆదివారం పొద్దున రెండో మెషీన్ కూడా గిర్రున తిరిగింది.

"మేనేజర్ అయ్యేవారు కదా. ఎందుకు వదులుకున్నారు?"

"ఎవరి మెషీన్ వాళ్ళకుంటే ఎవరి తలుపులు వాళ్ళు వేసుకుంటారు. అప్పుడు మిమ్మల్ని చూడాలంటే ఏ వంక పెట్టుకుని రానండీ?"

ఆమె చెవుల దాకా ఎర్రబడింది. సరిగ్గా అప్పుడే ఆమె బామ్మ బట్టల బకెట్‌తో వచ్చింది.

"బాగైందిగా, ఇంకా ఏం చేస్తున్నారిక్కడ?"

అతను గ్రీజు చేతులతోనే లేచి నిలబడ్డాడు. "మీ మనవరాలిని పెళ్ళికి అడుగుదామని... ధైర్యం చాలట్లేదండీ."

బామ్మ మనవరాలి వైపు చూసింది. "ఏమంటావే?"

"ఈ గదిలో అన్నీ ఉమ్మడే బామ్మా," అంది టీచర్, నవ్వు ఆపుకోలేక. "ఈయన మాత్రం నా ఒక్కదానికే."

బామ్మ బకెట్ అక్కడే దించేసింది.

"చేతులు కడుక్కుని పైకి రా నాయనా. వాళ్ళ నాన్నతో నేను మాట్లాడతాను."