అమ్మవారి పడుగు

అసురసంధ్య... అమావాస్య! గద్వాల మీద కారుమబ్బులు కమ్ముకొచ్చాయి. ఫెళఫెళమని ఉరుము... చూరు మీద గుడ్లగూబ భీకరంగా అరిచింది!

లలితమ్మ గుంటమగ్గం పక్కన ఆమె మరిది నాగప్ప నిప్పులు రాజేశాడు. నిప్పుల నడుమ కపాలం! అది లలితమ్మదే. దహనం వద్దని పట్టుబట్టి వదినను పాతిపెట్టించింది ఇందుకేనన్నమాట, పాపిష్ఠి!

చావబోతూ ఆమె తన వీలునామా అమలు జరిపే బాధ్యత ఇతనికే అప్పగించింది. దొంగచేతికి తాళాలిచ్చినట్టు! ఇల్లూ మగ్గమూ కూతురు పద్మజకు. మగ్గం మీద సగం నేసిన చీర మాత్రం అలంపురం జోగుళాంబకు మొక్కు. దాన్ని పూర్తిచేయించి అమ్మవారికి సమర్పించాలి. వకీలు విడమర్చే చెప్పాడు.

"నాగప్పా, నీ చేతిల పెట్టిందంటే ఆస్తి నీదైనట్టు కాదు. అప్పులు, మొక్కులు దీర్చి, మిగిలింది పిల్లకు అప్పజెప్పాలె. నువ్వు కావలోనివి, గంతే."

ఆ మాట నాగప్ప ఒంటికి కారం రాసినట్టయింది. ప్రేతాలను శాసించే తను కావలివాడా? తల్లి ప్రేతాన్ని కూతురిలోకి దింపి, ఆ చేతితోనే ఆస్తి రాయించుకుంటాడు. ఆ తర్వాత పిల్ల పిచ్చిదైనా, చచ్చినా అతనికేం?

మగ్గం గుంజకు కట్టేసిన పద్మజ పెనుగులాడుతోంది. "చిన్నాయనా... జర ఇడువు... అమ్మ నిన్నే నమ్మింది గదా!"

"నమ్మమని నేను జెప్పిన్నా? నోర్ముయ్!"

మంత్రం ఆపకుండానే వశీకరణ సూత్రం కోసం తడుముకున్నాడు. తెచ్చిన దారం నిప్పుల్లో పడి బూడిదైంది. లేస్తే మంత్రం చెడుతుంది! చేతికందేంత దూరంలో పడుగు... ఎర్రటి పట్టుపోగు ఫట్టున తెంపి పిల్ల మణికట్టుకు ముడేశాడు.

ఛీ! నేతగాడి కడుపున పుట్టి, మొక్కు పడుగును తెంపుతారా ఎవరైనా?

ఆ క్షణమే నిప్పులు చప్పున చల్లారాయి. గుడ్లగూబ నోరు మూసుకుంది. పద్మజ కట్లు పటపటా తెగాయి. విరబోసుకున్న కేశపాశం... రక్తారుణ నేత్రాలు! నాగప్ప సంబరంగా కాగితం చాపాడు. "వచ్చినవా వదినా! పెట్టు సంతకం!"

"నీ వదినను గాదురా! అలంపురం నుంచి వచ్చిన. నా పోగెందుకు తెంపినవ్?"

నాగప్పకు పైప్రాణాలు పైనే పోయాయి. కాళ్ళ మీద పడ్డాడు. "తప్పయింది తల్లీ... అతుకుత! ఇప్పుడే అతుకుత!"

"అతుకు మరి." మెడ పట్టుకొని మగ్గం గుంటలో కూర్చోబెట్టింది.

అతని చేతులు అతని మాట వినలేదు. కుడిచేతి గోళ్ళు ఎడమ ముంజేతిని చీల్చాయి... నరాన్ని పోగులా లాగి, తెగిన పడుగుకు ముడివేశాయి! ఆ కేకల ముందు ఉరుములు చిన్నబోయాయి. అయినా కాళ్ళు తొక్కుతూనే ఉన్నాయి, పేకపోగు మోసే నాడె అటూ ఇటూ ఆడుతూనే ఉంది. చీర జానెడు పెరిగితే మనిషి జానెడు కుంచించుకుపోతున్నాడు.

"సంపెయ్ తల్లీ!" అని బతిమాలాడు.

"పని కానియ్" అంది ఆమె.

తెల్లారేసరికి చీర ముగిసింది. గుంటలో ఎండిన తోలు మిగిలింది. పద్మజ స్పృహలోకి వచ్చి, తల్లి కపాలాన్ని ఒళ్ళో పెట్టుకొని వెక్కివెక్కి ఏడ్చింది. చిన్నాయన వైపు చూడనైనా లేదు. చీర మడిచి, కపాలాన్ని గుడ్డలో చుట్టి అలంపురం బస్సెక్కింది. తల్లిని తుంగభద్రలో కలపాలి, అమ్మవారికి చీర కట్టించాలి. వీలునామాలో మిగిలిన పనులన్నీ ఇక ఆ పిల్లవే.