నల్లరేవులో పరనేత్రం

2087 నాటికి తీరమంతా హోటళ్ళతో నిండిపోయినా, నల్లరేవు ఇసుక మీద మాత్రం ఇంకా చేపలే ఎండుతుండేవి. పర్యాటకం పేరు చెప్పి వచ్చినవాళ్ళందరినీ ఆ ఊరు తిప్పి పంపేసింది. పక్క ఊళ్ళో రిసార్టు కట్టాక పడవలు ఒడ్డుకు లాగడానికే చోటు లేకుండా పోవడం వాళ్ళు కళ్ళారా చూశారు. వద్దనడంలో అందరికన్నా ముందుండేది మైలపల్లి చిన్నమ్మి. చేపలు ఎండబెట్టి అమ్ముకునే ఆడవాళ్ళ సంఘానికి ఆమె పెద్ద.

అలాంటి ఊరికి డాక్టర్ మంజీర ఒక చిన్న పెట్టె పట్టుకుని వచ్చింది. ఆమె కనిపెట్టిన పరికరం పేరు పరనేత్రం. ఊరివాళ్ళు చెవి వెనక చింతగింజంత సెన్సర్ అతికించుకుంటారు. కంటి నుంచి మెదడుకు వెళ్ళే సంకేతాలను అది పట్టి పంపుతుంది. ఎక్కడో ఉన్న సందర్శకుడు ప్రత్యేకమైన కళ్ళజోడు పెట్టుకుంటే, వీళ్ళు చూసేదే అతనికీ కనిపిస్తుంది. ఎడమవైపు చూడాలనిపిస్తే అతను మీట నొక్కుతాడు. వీళ్ళకు ఎడమ చెంప మీద చిన్న గిలి పుడుతుంది. ఇష్టమైతే తిరగవచ్చు, లేకపోతే మానేయవచ్చు. కళ్ళు గట్టిగా మూసుకుంటే లింకు తెగిపోతుంది.

వచ్చేవాళ్ళు ఒడ్డున చెత్త వేస్తారా, గోడలు కడతారా, మంచినీళ్ళు వాడేస్తారా అని చిన్నమ్మి గుచ్చి గుచ్చి అడిగింది. అన్నిటికీ లేదనే జవాబు వచ్చింది.

“అయితే మనిషి రాడు, సూపొకటే వస్తాదన్నమాట,” అంది చివరికి. “సూపుకి చోటెంత కావాల? రానీ.”

మొదట్లో అంతా బాగానే సాగింది. సందర్శకులు కట్టే డబ్బుతో సంఘం ఐసు గది కట్టుకుంది. చెంప మీద గిలి పుట్టినప్పుడల్లా, ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి తన రేవును ముచ్చటగా చూస్తున్నాడని చిన్నమ్మికి నవ్వొచ్చేది.

ఒక మధ్యాహ్నం ఆమె అత్తకు ఆయాసం ఎక్కువైంది. సెన్సర్ సంగతి మరచి చిన్నమ్మి ఇంట్లోకి పరుగెత్తింది. ముసలామె ఊపిరి కోసం కొట్టుకుంటోంది. చిన్నమ్మి మందు కోసం అటు తిరగగానే కుడి చెంప మీద గిలి పుట్టింది. అత్త మంచం కుడివైపే ఉంది. గిలి ఆగలేదు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని, సెన్సర్ పీకి పారేసింది.

అత్తకు ఆ గండం గడిచింది కానీ చిన్నమ్మి కోపం చల్లారలేదు. కబురు తెలిసి మంజీర వచ్చి క్షమాపణ చెప్పుకుంది. ఒక్కసారి సందర్శకురాలిగా వెళ్ళి చూడమనీ, తర్వాత చిన్నమ్మి ఏం చెబితే అలాగే చేస్తాననీ చెప్పి కళ్ళజోడు ఇచ్చింది.

చిన్నమ్మి పెట్టుకుంది. హిమాలయాల్లో సెన్సర్ పెట్టుకున్న మరెవరిదో ఇల్లు. గాజులు వేసుకున్న, ఎర్రబారిన చేతులు పిండి పిసుకుతున్నాయి. కిటికీ అవతల మంచు. సముద్రం తప్ప మరొకటి ఎరగని చిన్నమ్మి ఊపిరి బిగబట్టి చూసింది. ఇంతలో ఆ చేతులు పని ఆపేశాయి. చూపు లోపలి గదికి నడిచి, గోడ మీద నిలిచి, మసకబారింది. కళ్ళలో నీళ్ళు నిండుతున్నాయి.

ఎడమవైపు మంచం మీద ఎవరో పడుకున్నట్టు చూపు అంచున నీడ కనిపించింది. చిన్నమ్మి మీట నొక్కింది. చూపు గోడ మీద నుంచి కదల్లేదు. ఆ గిలి ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. తెలిసీ మళ్ళీ నొక్కింది.

అంతా చీకటైపోయింది.

చిన్నమ్మి కళ్ళజోడు తీసింది. తర్వాత లేచి, మూలన పడి ఉన్న సెన్సర్ తెచ్చి మంజీర చేతిలో పెట్టింది.

“ఇది మా ఊరికొద్దు. సంఘంలో అందరికీ నానే సెప్తాను.”

మంజీర తలూపి, కళ్ళజోడు కోసం చెయ్యి చాచింది. చిన్నమ్మి దాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది.

“ఇది ఉండనీ డాక్టరమ్మా,” అంది, తల ఎత్తకుండా. “ఆవిడెందుకు ఏడ్సిందో తెలవనేదు.”